తిరగేసి చదివిన కాగితం

చిన్న గాటుకు అంత నెత్తురేమిటని ఆమెకు ముందు కోపం వచ్చింది, ఆ తర్వాత అనుమానం వచ్చింది. ఆమెకు ఏదైనా ఆ వరసలోనే వస్తుంది.

ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆయన వడ్రంగం. ముందు గదిలో ఆమె కుట్టుమిషను. బీరువా తలుపుకు బందు కూర్చోవడానికి గాడి తీస్తుంటే ఉలి జారి ఆయన ఎడమ చూపుడువేలు తెగింది. ముప్పై రెండేళ్ళ కాపురంలో ఇలాంటి గాట్లు ఆమె చాలా చూసింది. నోట్లో పెట్టుకుని రెండుసార్లు చప్పరించి, మళ్ళీ పనిలో పడేవాడు. ఈసారి ఆమె తెచ్చిన గుడ్డపీలిక తడిసింది. రెండోది తడిసింది. మూడోది కట్టి, చెయ్యి పైకెత్తి పట్టుకోమని చెప్పి గోడ గడియారం వైపు చూసింది. ఇరవై నిమిషాలు.

"ఉలికి నా మీద అలకొచ్చిందే. పాత స్నేహం కదా," అన్నాడాయన, చెయ్యెత్తిన బడిపిల్లాడిలా స్టూలు మీద కూర్చుని.

"వేళాకోళం ఆపు. నీ ఒంట్లో నెత్తురుందా, నీళ్ళున్నాయా?"

"రెండూ ఉన్నాయి. నీ భయానికి నీళ్ళే ఎక్కువైనట్టున్నాయి."

ఆమె నవ్వలేదు. ఆరు వారాల క్రితం ఆయనకు మెట్ల మీద ఆయాసం వస్తే డాక్టరు నాడి చూసి, గుండె తాళం తప్పుతోందని చెప్పి, రోజుకొక మాత్ర రాశాడు. మధ్యాహ్నం భోజనం కాగానే వెయ్యాలి. ఆ వేళకు ఆయన చేతులకు ఎప్పుడూ జిగురో పాలిషో ఉంటుంది కాబట్టి, ఆయన నోరు తెరిస్తే ఆమే మాత్ర నాలుక మీద వేసి నీళ్ళగ్లాసు అందించేది.

ఆ మాత్ర మొదలైన దగ్గర్నుంచీ మనిషిలో ఏదో మారింది. వెడల్పాటి ఉలి మేకుకు వేలాడుతూ దుమ్ము పట్టింది. రంపానికి పదును పెట్టే పని వేరేవాళ్ళకిచ్చాడు. బొటనవేలికి తోలుతొడుగు కుట్టించుకున్నాడు, అదీ ఆమె చేతే, ఎందుకో చెప్పకుండా. అన్నిటికంటే వింత, ఒకరోజు పసిపిల్లలు తోముకునే మెత్తని బ్రష్షు కొనుక్కొచ్చాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషికి పాలపళ్ళ బ్రష్షేమిటి? మనిషి లోలోపల మెత్తబడిపోతున్నాడని ఆమె అనుకుంది. ఇప్పుడు ఈ నెత్తురు చూశాక తెగిన వేలు సరిగ్గా మాత్ర వైపే చూపించింది.

మర్నాడు మంగళవారం. పాత స్ట్రిప్పు అయిపోయింది. ఆయన బల్లకు జిగురు పెట్టి బిగింపులు వేసి ఉన్నాడు, కదలడానికి లేదు.

"నేను సాయంత్రం వెళ్ళి తెచ్చుకుంటాలే," అన్నాడు.

"మధ్యాహ్నానికి మాత్రేది? నాకు కాళ్ళు లేవా?"

"నేనే వెళతానంటున్నాగా," అని ఆయన కాస్త గట్టిగానే అన్నాడు. ఆ గట్టిదనం ఆమె చెవిలో ముల్లులా గుచ్చుకుంది. మందుల షాపుకు తను వెళితే ఈయనకేం కష్టం? వారం క్రితం ఆమె రోడ్డుకు అవతలి వైపు నుంచి చూసింది. షాపు బల్ల చివర ప్లాస్టిక్ కుర్చీలో ఈయన, ఎదురుగా మందులమ్మాయి, ఇద్దరూ తలలు దగ్గరగా పెట్టి ఏదో మాట్లాడుకుంటున్నారు. ఇంట్లో ముక్తసరిగా మూడు మాటలు మాట్లాడే మనిషి అక్కడ చేతులు తిప్పుతూ మరీ చెబుతున్నాడు. ఆమె సంచి తీసుకుని బయల్దేరింది.

షాపులో ఆమెకు ముందు ఇద్దరున్నారు. నల్లబ్యాగు పెట్టుకున్న పెద్దమనిషికి మందులమ్మాయి డబ్బాలోంచి కాగితం తీసి, మడతలు విప్పి, పెన్నుతో చూపిస్తూ అయిదు నిమిషాలు చెప్పింది. తర్వాత ఆఫీసులు ఊడ్చే ఆమె వంతు. "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి," అని స్ట్రిప్పు చేతిలో పెట్టింది. కాగితం డబ్బాలోంచి తీసి కింది డ్రాయర్లో పడేసింది. ఆ డ్రాయరు నిండా అలాంటి మడత కాగితాలే.

చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అన్నారా అనుకుంది ఆమె. ఆ తర్వాత తన చీరవైపు, చేతిసంచి వైపు చూసుకుంది. తను ఏ లెక్కలోకి వస్తుందో తెలిసిపోయింది.

చీటీ చూడగానే మందులమ్మాయి తలెత్తింది. ముప్పై అయిదేళ్ళుంటాయి, జుట్టు బిగించి కట్టి, చెవి మీద పెన్సిలు పెట్టుకుని ఉంది.

"ఆయన రాలేదామ్మా?"

"నేనొచ్చాగా."

"బాగానే ఉన్నారా?"

వేలు సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె మింగేసింది. ఎవరి మీద అనుమానమో వాళ్ళకే మన గుట్టు చెబుతామా?

"లక్షణంగా ఉన్నాడు. దీంతోపాటు ఉండే కాగితం ఇవ్వు, చదువుకుంటాను."

మందులమ్మాయి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. పదేళ్ళుగా జాకెట్టు కొలతలు తీసే మనిషికి ఎదుటివాళ్ళు ఊపిరి బిగబట్టడం తెలియకుండా ఉంటుందా?

"ఆయనకి అన్నీ చెప్పానమ్మా. ఒకసారి ఆయన్నే రమ్మనండి."

"నల్లబ్యాగాయనకి ఇచ్చావుగా?"

"ఆయన్ని రమ్మనండి," అని మళ్ళీ అదే మాట అని, డ్రాయర్ని మోకాలితో నెట్టి మూసేసింది. ఆ చప్పుడు ఆమెను ఇంటిదాకా తరిమింది. ఆ మధ్యాహ్నం మాత్ర వేసిందే గానీ, వేస్తున్నంతసేపూ చెయ్యి తనది కానట్టుంది.

బుధవారం పొద్దున్నే ఆమె బస్సుస్టాపు దగ్గరున్న ఇంకో షాపుకు వెళ్ళింది. అక్కడి పిల్ల ఫోను చూస్తూ కూర్చుంది. ఈ మందు కాగితం కావాలనగానే అలమరలోంచి డబ్బా లాగి, కాగితం తీసి, చూడకుండానే చేతిలో పెట్టింది.

"దీన్లో ఏముందమ్మా?"

"అన్నీ ఉంటాయండి. చదువుకోండి," అని మళ్ళీ ఫోనులోకి వెళ్ళిపోయింది. ఎంత మర్యాదస్తురాలు, ఒక్క మాట దాచలేదు అనుకుంది ఆమె. ఒక్క మాట చెప్పలేదు కూడా అన్నది ఆమెకు తట్టలేదు.

ఇంటికొచ్చి ముందు గది తలుపు దగ్గరగా వేసింది. కాగితాన్ని కత్తిరించే బల్ల మీద పరిచి, ఒక అంచున కత్తెర, ఇంకో అంచున ఇస్త్రీపెట్టె పెట్టింది. ఏ గుడ్డ చేతికొచ్చినా ముందు తిరగేసి చూడటం ఆమె అలవాటు. పైన జరీ ఎంతైనా మెరవనీ, లోపలి వైపు దారాలు చూస్తేగాని బట్ట సంగతి తెలియదని పని నేర్చుకునే పిల్లలకు చెబుతుంది. కాగితాన్ని కూడా తిరగేసే పరిచింది. సూదిలో దారం ఎక్కించేటప్పుడు పెట్టుకునే కళ్ళజోడు పెట్టుకుని, చీమల బారులాంటి అక్షరాల మీద వేలు నడిపించింది.

ఆ వైపంతా దుష్ఫలితాలే. చిగుళ్ళ నుంచి రక్తం. ముక్కు నుంచి రక్తం. గాయమైతే రక్తం త్వరగా ఆగకపోవడం. అక్కడ ఆమె వేలు ఆగింది. కాసేపు షెడ్డులోంచి వస్తున్న చిత్రిక చప్పుడు వింటూ కూర్చుంది. ఇంకా కిందకు వెళ్ళింది. కడుపులో రక్తస్రావం. మెదడులో రక్తస్రావం. అరుదుగా ప్రాణాపాయం.

ఆ తర్వాత చదవలేదు. చదవడానికి ఇంకేముంది? ఉలి పట్టి బతికే మనిషికి, తెగితే ఆగని మందు! అది తెలిసే దాచింది మహాతల్లి. డ్రాయరు నిండా దాచింది. ఆమెకు ఏడుపొచ్చింది, దానికంటే ఎక్కువ కోపమొచ్చింది. ఆయనకు చెబుదామని లేచి, వంటగదిలోనే ఆగిపోయింది. చెబితే ఏమంటాడు? "డాక్టరు కంటే నీకు తెలుసా" అంటాడు. షాపుకెళ్ళి ఆ అమ్మాయినే అడుగుతాడు. ఆ అమ్మాయి ఏదో చెప్పి మెత్తగా ఒప్పించేస్తుంది. పాము చావకుండా కర్ర విరగకుండా చెయ్యాలంటే ఆయనకు తెలియకపోవడమే మేలు.

నీరసానికని తను వేసుకునే బలం మాత్రల సీసా కిటికీలో ఉంది. రంగు కొంచెం ముదురు, అంతే తేడా.

మధ్యాహ్నం భోజనం కాగానే ఆయన ఎప్పట్లాగే నోరు తెరిచాడు. చేతులకు జిగురు ఎండి పొరలుగా లేస్తోంది. ఆమె బలం మాత్ర నాలుక మీద వేసింది. ఆయన నోరు మూసి, ఆమె కళ్ళలోకి ఒకసారి చూసి, నీళ్ళు తాగాడు. ఆమె గ్లాసు తీసుకుని గబగబా లోపలికి వెళ్ళి, కడిగిన గ్లాసునే మళ్ళీ కడిగింది.

గురువారం అంతే. శుక్రవారం అంతే. వేలి మీద గాటు చక్కగా పక్కు కట్టింది. శుక్రవారం సాయంత్రం ఆయన ఈలవేస్తూ బీరువాకు పాలిష్ పెట్టాడు. చూశారా అన్నట్టు ఆమె కుట్టుమిషను వైపే గర్వంగా తలూపింది. మూడు రోజుల్లో మనిషిని మళ్ళీ మనిషిని చేసింది, ఏ డాక్టరు చేశాడు? ఇక మిగిలింది ఒక్కటే. ఆ డ్రాయరు సంగతి నలుగురిలో తేల్చాలి.

శనివారం పొద్దున షాపులో జనం బాగానే ఉన్నారు. అదే కావాలి ఆమెకు. బల్ల మీద స్ట్రిప్పు పెట్టి, పక్కన కాగితం విప్పి పరిచింది.

"ఇదిగో, నువ్వు దాచిన కాగితం. దీన్లో రాసినవన్నీ చదివాను. ఈ మాత్రలు నువ్వే వేసుకో."

జనం మాటలు ఆపేశారు. మందులమ్మాయి కాగితం వంక చూడలేదు. స్ట్రిప్పు తీసుకుని వేలితో లెక్కపెట్టింది.

"మంగళవారం పది ఇచ్చాను. తొమ్మిదున్నాయి. ఆయన వేసుకోవడం మానేశారా?"

"ఆయనకేం తెలుసు? నేనే మాన్పించాను. బదులు నా బలం మాత్ర వేస్తున్నాను. చూడు, మూడు రోజుల్లో ఎంత బాగున్నాడో!"

మందులమ్మాయి ముఖంలో రంగు మారింది. దొరికిపోయిన దొంగ ముఖమని ఆమె అనుకుంది. కానీ ఆ అమ్మాయి బల్ల చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చేసింది. మిగతావాళ్ళను కాస్త ఆగమని చెప్పి, ఆమె చెయ్యి పట్టుకుని చివరి కుర్చీలో కూర్చోబెట్టింది.

"పొద్దున ఆయన మాట బాగుందా? తడబడిందా? ముద్దగా వచ్చిందా?"

"బాగానే ఉంది... ఏం?"

"నోరు ఒక పక్కకి లాగినట్టుందా? చేత్తో పట్టుకున్నవి జారిపోతున్నాయా?"

"లేదమ్మా, ఎందుకలా అడుగుతావు?"

ఆ అమ్మాయి వెంటనే డాక్టరుకు ఫోను చేసింది. రెండు నిమిషాలు మాట్లాడి, చీటీ మీద రాసుకుంది. తర్వాత డ్రాయరు లాగింది. అడుగునుంచి ఒక మడత కాగితం తీసి ఆమె ఒళ్ళో పెట్టింది. అంచుల నిండా గోధుమరంగు వేలిముద్రలు. పాలిష్ మరకలు. ఆ బొటనవేలి ముద్ర ఎవరిదో ఆమె చీకట్లో తడిమినా చెప్పగలదు.

"ఇది ఆయన కాగితమేనమ్మా. వచ్చినప్పుడల్లా ఇక్కడే కూర్చుని చదువుకుంటారు. తెలియనిది అడుగుతారు. వెడల్పు ఉలి వాడొద్దనీ, వేలికి తోలు తొడుక్కోమనీ, మెత్తని బ్రష్షుతో తోముకోమనీ నేనే చెప్పాను. ఈ కాగితం ఇంటికి మాత్రం పంపొద్దన్నారు. 'మా ఆవిడ చదివితే ఉలి ముట్టుకోనివ్వదు తల్లీ, ఉలి లేకపోతే నేను లేను,' అన్నారు. మాటిచ్చాను. ఇప్పుడు ఆయన ప్రాణానికే ముప్పు కాబట్టి చెబుతున్నాను."

ఆమె అలవాటుగా కాగితాన్ని తిరగేసింది.

"అటు కాదు, ఇటు తిప్పండి," అంది ఆ అమ్మాయి.

ముందువైపు, అన్నిటికంటే పైన, పెన్సిలుతో రెండుసార్లు గీత గీసిన వాక్యం ఉంది. డాక్టరును అడగకుండా ఈ మందు ఆపవద్దు. ఆపితే గడ్డకట్టిన రక్తం మెదడుకు చేరి పక్షవాతం వచ్చే ప్రమాదం పెరుగుతుంది. ఆమె పెదవులు కదుపుతూ దాన్ని మూడుసార్లు చదివింది.

"గుండె తాళం తప్పితే లోపల ఒక మూల నెత్తురు నిలవుండిపోతుందమ్మా. నిలవున్నది గడ్డ కడుతుంది. ఈ మాత్ర కట్టనివ్వదు. అందుకే తెగితే తొందరగా ఆగదు కూడా. మేలూ కీడూ ఒక్క మాత్రలోనే ఉన్నాయి, విడదీసి ఇవ్వడం మావల్ల కాదు."

"వేలు తెగింది," అంది ఆమె సన్నగా. "సోమవారం. ఇరవై నిమిషాలు ఆగలేదు."

"మంగళవారం అడిగితే లక్షణంగా ఉన్నారన్నారే?"

"నువ్వు కాగితం ఇవ్వలేదుగా."

మందులమ్మాయి తల దించుకుంది. "నాదీ తప్పే. ఆయన్ని రమ్మనండని ఒక్క మాటతో సరిపెట్టాను. మిమ్మల్ని కూర్చోబెట్టి మందు ఆపకూడదనైనా చెప్పాల్సింది. ఊడ్చే ఆమెకీ అంతే, చదువు రాదని నేనే అనుకున్నాను. అడగనైనా లేదు." చీటీ, స్ట్రిప్పు ఆమె చేతిలో పెట్టింది. "ఈరోజు మాత్ర ఇప్పుడే వెయ్యండి. ఒక్కటే. పోయిన వాటికి కలిపి రెండు వెయ్యకండి. సాయంత్రం డాక్టరు రమ్మన్నారు. నేనడిగినవాటిలో ఏది కనిపించినా సాయంత్రం దాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఇంకో సంగతి, మూడు రోజులు ఏం మింగారో ఆయనకి చెప్పాలి. అది నేను చెప్పేది కాదు, మీరే."

రోగికి చెప్పకుండా మందు సంగతి దాచిన మనిషిని నలుగురిలో నిలదియ్యాలనే ఆమె వచ్చింది. ఆ మనిషి ఇప్పుడు, తన రూపంలోనే, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. బల్ల పట్టుకుని లేచింది. వరసలో ఉన్నవాళ్ళు దారిచ్చారు.

ఇంటికి నడక పది నిమిషాలు. ఆమె ఆరు నిమిషాల్లో వెళ్ళింది. ముందు గదిలో చెప్పులు కూడా విడవకుండా వంటగది దాటి షెడ్డు గుమ్మంలో నిలబడింది. ఆయన వీపు కనిపిస్తోంది. బీరువా వెనక చెక్క ముందు వంగి ఉన్నాడు.

"ఏమయ్యా!"

ఆయన తిరక్కుండానే ఏదో అన్నాడు. ముద్దముద్దగా, నాలుక మడతపడినట్టు. ఒక్క అక్షరం అర్థం కాలేదు.

ఆమె రెండు చేతులతో గుమ్మం పట్టుకుంది. "ఏమయ్యా, ఇటు తిరుగు! మాట్లాడు! నా వైపు చూడు!"

ఆయన తిరిగాడు. మూతి ఒక పక్కకు లాగి ఉంది. ఆమె పరుగున వచ్చి ఆయన భుజం పట్టుకుంది. ఆయన కంగారుగా సుత్తి కింద పెట్టి, అరచేతిలోకి నోట్లోని మేకులు ఉమ్మాడు. ఆరు మేకులు.

"ఏమైందే? ఆ చెక్క పట్టుకోమన్నా, అంతేగా!"

ఆమె రంపప్పొట్టులో చతికిలబడి ఏడ్చింది. ముప్పై రెండేళ్ళలో ఆ మేకుల మాట ఎన్నిసార్లు విందో, ఎన్నిసార్లు విసుక్కుందో! ఆయన పక్కన గొంతుక్కూర్చుని, జిగురు చేతులతో ముట్టుకోవాలో వద్దో తెలియక గాలిలోనే ఆపాడు. ఆమె ఏడుస్తూనే చెప్పింది. తిరగేసి చదివిన కాగితం, కిటికీలో సీసా, బుధ, గురు, శుక్రవారాలు, డ్రాయర్లో పాలిష్ మరకలు, అన్నీ.

ఆయన మేకులు ఒక్కొక్కటే డబ్బాలో వేశాడు.

"తెలుసు," అన్నాడు చివరికి.

"ఏం తెలుసు?"

"అది నీ బలం మాత్ర అని. ఆ వాసన తెలియని వాళ్ళెవరే? బుధవారమే తెలిసింది."

"మరెందుకు మింగావు?"

"మంగళవారం షాపుకి నువ్వే వెళ్ళావుగా. ఆ అమ్మాయే నీతో చెప్పి మార్పించిందనుకున్నా. అడుగుదామనుకున్నా. అడిగితే కాగితం మాట పైకొస్తుంది, ఉలి పోతుంది. అందుకని నోరు మూసుకున్నా." ఆయన తోలుతొడుగు తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "అదీగాక వేసింది నువ్వు కదా."

"నీకు నా మీద ఒక్కసారైనా అనుమానం రాలేదా?"

"అనుమానం ఇంటికి ఒకరికుంటే చాలదూ!"

ఆమెకు నవ్వు రాబోయి మళ్ళీ ఏడుపే వచ్చింది. అంత నమ్మకాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు. పైట చెంగుతో ముఖం తుడుచుకుని లేచి, నీళ్ళగ్లాసూ స్ట్రిప్పూ తెచ్చింది. ఆయన అలవాటుగా నోరు తెరిచాడు.

ఆమె వెయ్యలేదు.

"చేతులు కడుక్కో."

ఆయన నోరు మూసి, బకెట్టు దగ్గరికెళ్ళి సబ్బుతో రుద్దుకుని, లాగుకు తుడుచుకుంటూ వచ్చాడు. ఆమె ఒక్క మాత్ర నొక్కి తీసి ఆయన అరచేతిలో పెట్టింది. స్ట్రిప్పు మీది పేరు ఆయనకు కనిపించేలా వెలుతురుకు పట్టుకుంది.

"ఇదేమిటో చూసుకుని వేసుకో. రేపట్నుంచి రోజూ అంతే."

ఆయన మాత్రను వేళ్ళతో పట్టుకుని చూశాడు. తిరగేసి ఇంకోవైపూ చూశాడు. అప్పుడు మింగాడు.

"సాయంత్రం డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్ళాలి," అంది ఆమె గ్లాసు అందుకుంటూ. ఆమె చూపు ఉలి మీదికి వెళ్ళింది. ఆయన అది చూశాడు. ఇద్దరి మధ్యా బల్ల మీద ఉలి అలాగే ఉంది. ఆమె దాని పక్కనే షాపు నుంచి తెచ్చిన పాలిష్ మరకల కాగితం పరిచి, కళ్ళజోడు పెట్టుకుని, ఈసారి ముందువైపు నుంచి, ఆయనకు వినపడేలా చదవడం మొదలుపెట్టింది.